ఎరుపు తేలేదు కదా, టీచర్!

ఆ రోజు పొద్దున్న టీచరమ్మ వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. పదింటికి పిల్లల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టాలి. ఒక వరసవాళ్ళ అరచేతులకు నీలం రంగు, రెండో వరసవాళ్ళకు పసుపు రంగు పూయాలి. ఎదురెదురుగా నిలబెట్టి ఒకరి చేతులు ఒకరికి తగిలేలా చప్పట్లు కొట్టించాలి. చేతులు విడదీసి చూసుకునేసరికి అరచేతుల్లో ఆకుపచ్చ పుట్టాలి, పిల్లలు కేరింతలు కొట్టాలి. పదిన్నరకు అందరి చేతులూ కడిగించాలి. పదకొండింటికి పెద్ద మేడం వచ్చి, "నీలం, పసుపు కలిస్తే ఏమవుతుంది?" అని అడగ్గానే పదహారు గొంతులూ ఒక్కసారి "ఆకుపచ్చ!" అనాలి. అంతే.

ఆ 'అంతే' వెనక, ఆటల గంట కోసం టీచరమ్మ ఆరు నెలలు బతిమాలిన బతిమాలుడు ఉంది. పెద్ద మేడం ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలు. ఇస్త్రీ మడత చెదరని తెల్లబట్టలు, ఇస్త్రీ మడత చెదరని మాట. చిన్న తరగతికి వారానికొకసారి ఇచ్చిన ఆటల గంట ఆమెకు పంటి కింద రాయిలా ఉండేది. "ఐదేళ్ళ పిల్లలకి ఆడుకోవడం మనం నేర్పాలా? ఇంటి దగ్గర మానేస్తున్నారా? ఆ గంటలో చూచిరాత రాయిస్తే దస్తూరీ అయినా కుదురుతుంది" అని ఎప్పుడూ సణిగేది. ముందురోజు సాయంత్రం ఆ సణుగుడు కాస్తా హుకుం అయింది.

"రేపు నేనే వచ్చి చూస్తాను. ఆటలో వాళ్ళు ఒక్క ముక్క నేర్చుకున్నట్టు కనపడినా సరే, ఆ గంట నీదే. లేదా, సోమవారం నుంచి చూచిరాత. ఇంకో మాట. రంగులూ గింగులూ అంటున్నావు. ఒక్క పిల్ల చేతిమీద మరక మిగిలినా వాళ్ళ అమ్మానాన్నలకి జవాబు చెప్పుకోవలసింది నేను."

"సబ్బుతో కడిగితే చుక్క మిగలదు మేడం" అని టీచరమ్మ గుండెమీద చెయ్యేసుకుని మాటిచ్చింది.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. ఆమె భర్త రంగుల మేస్త్రి. గోడలకూ గేట్లకూ రంగులు వేయడంలో ఆయన చెయ్యి పడితే పాత ఇల్లు కూడా పెళ్ళీడుకొచ్చినట్టు కనిపించేది. ఇంట్లో అలాంటి మనిషిని పెట్టుకుని కొట్లో కొనడమేమిటని ఆమె ఆయనకే పురమాయించింది. అయితే ఆ దంపతుల మధ్య పదకొండేళ్ళుగా ఒక మాట నలుగుతోంది. ఆ మాట 'పచ్చ'. ఆమె పుట్టింట్లో పచ్చ అంటే చేమంతి రంగు. ఆయన ఇంట్లో పచ్చ అంటే చిలక రంగు. కాపురానికి వచ్చిన కొత్తలో, "వీధి తలుపుకి పచ్చ రంగు వేయండి, ఇంటికి వెలుగొస్తుంది" అని ఆమె ముచ్చటపడి అడిగితే, సాయంత్రానికి తలుపు నిలువెత్తు చిలకై కూర్చుంది. "పచ్చ అడిగితే పచ్చ వేశారేమిటండీ?" అని ఆమె, "పచ్చ అడిగితే పచ్చ వేయక ఎరుపు వేస్తారటే?" అని ఆయన, మూడు రోజులు మొహాలు చూసుకోలేదు. తలుపు ఇప్పటికీ చిలకే.

అందుకే ఈసారి ఆమె ఆ మాట జోలికే పోలేదు. చీటీ మీద గుండ్రటి అక్షరాలతో, 'నీలం, పసుపు. చెరొక సీసా. పిల్లల చేతులకు పూసేవి. కడిగితే పోవాలి' అని రాసి, ఆయన చొక్కా తగిలించుకునే మేకుకు గుచ్చింది. పొద్దున్న లేచేసరికి మేస్త్రి పనికి వెళ్ళిపోయాడు. బల్లమీద రెండు సీసాలు తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి పసుపు. ఈ మనిషి పదకొండేళ్ళకు దారికొచ్చాడని టీచరమ్మ లోపల్లోపల మురిసిపోయింది.

తరగతిలో పని పథకం ప్రకారమే మొదలైంది. పసుపు సీసా మూత తీయగానే గుప్పుమని గులాబీ వాసన వచ్చింది.

"టీచర్, ఇది ఇంత బాగా వాసనొస్తోంది ఎందుకు?" అని అడిగింది ముందు వరసలో పిల్ల. ఆ పిల్ల ఏ మాట మొదలుపెట్టినా చివరికి 'ఎందుకు' దగ్గర తేలుతుంది కాబట్టి బడి మొత్తం ఆమెను 'ఎందుకమ్మ' అనే పిలుస్తుంది.

"మీరంటే ఇష్టమని" అంది టీచరమ్మ. మేస్త్రికి ఇంత రసికత ఉందని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

ఎనిమిది మందికి నీలం, ఎనిమిది మందికి పసుపు పూయడం పూర్తయింది. ఎదురెదురుగా నిలబడ్డారు. "చెయ్యీ చెయ్యీ కలిపేద్దాం, కొత్త రంగు పిలిచేద్దాం" అని టీచరమ్మ అందుకుంటే, పిల్లలు గొంతులు చించుకుంటూ చప్పట్లు కొట్టారు. పచపచమని చప్పుడు. అందరూ అరచేతులు తిప్పి చూసుకున్నారు.

"టీచర్! నా చేతిలో ఆకు మొలిచింది!"

"నాకూ! నాకు రెండు చేతుల్లోనూ!"

"నా నీలం ఏమైపోయింది? వీడు తీసేసుకున్నాడు టీచర్!"

"ఎవరూ తీసుకోలేదు నాన్నా. నీ నీలం, వాడి పసుపు కలిసి ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి. ఆ ఇంటి పేరేమిటి?"

"ఆకుపచ్చ!" అన్నారు పదహారు మందీ. పక్క తరగతిలో ఎక్కాలు ఆగిపోయాయి.

టీచరమ్మ గోడ గడియారం చూసింది. పదిన్నరకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. తన జీవితంలో ఏ పనీ రెండు నిమిషాల ముందు పూర్తికాలేదు. ఆ సంగతి తలచుకుని అయినా ఆమె అనుమానించాల్సింది. అనుమానించలేదు.

వరండా చివర నాలుగు కుళాయిలున్నాయి. పిల్లలకు చేతులు కడిగించడం ఆయా పని. ఆమెకు చేతులు కడగడమంటే బట్టలుతికే బండ సబ్బుతో రుద్దడమే. సున్నితంగా వాసనొచ్చే సబ్బుల మీద ఆమెకు నమ్మకం లేదు. ముందుగా వెళ్ళినవాడు బుంగమూతి. పుట్టినప్పటి నుంచీ ఎవరిమీదో అలిగినట్టే మూతి పెట్టుకుని ఉంటాడని ఆ పేరు. నీళ్ళు పడగానే నీలం కాస్తా ధారకట్టి పోయింది. ఆయా వాడి చేతుల్లో సబ్బు పెట్టి గట్టిగా రుద్దింది. బుంగమూతి అరచేతులు చూసుకున్నాడు. ఏడవలేదు. చాలా మర్యాదగా, మెల్లగా చెప్పాడు.

"ఆయమ్మా, నేను చిరిగిపోయాను."

వాడి రెండు అరచేతులూ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"ఓరి దేవుడా, రక్తం!" అని ఆయా కేక పెట్టింది.

అప్పటిదాకా నవ్వుతున్న పిల్లలకు ఆ ఒక్క మాట చాలు. పక్క కుళాయి దగ్గర ఇద్దరు తమ చేతులు చూసుకున్నారు. అవీ ఎరుపే. ఇంకొకడికి నీలం సగమే పోయిందేమో, చేతులు వంకాయ రంగుకు తిరిగాయి. వాడు అందరికంటే పెద్దగా ఏడ్చాడు. టీచరమ్మ పరుగెత్తుకొచ్చి, పోనీ సరిగ్గా కడగలేదేమోనని తనే సబ్బు తీసుకుని ఒక్కొక్కరికీ రుద్దింది. రుద్దేకొద్దీ ఎరుపు ఎక్కువైంది. ఒక్క పిల్లకూ కోత లేదు, గీత లేదు. కానీ కుళాయి కింద గట్టు మీద మాత్రం యుద్ధం జరిగినట్టే ఉంది.

ఈ గోలలో ఎందుకమ్మ ఒక్కతే నిలకడగా నిలబడి తన చేతుల్ని పరీక్షగా చూసుకుంది. "మనం నీలం తెచ్చాం, పసుపు తెచ్చాం. ఎరుపు తేలేదు కదా, టీచర్! మరి ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

టీచరమ్మ ఆ చేతులు కూడా పట్టుకుని కుళాయి కింద పెట్టింది.

ఆయా అప్పటికే ఆఫీసు గదికి చేరింది. ఆమె చెప్పింది నాలుగు మాటలే: "పిల్లలు! చేతులు! అంతా రక్తం!" గుమాస్తాకు అవి సరిపోలేదు, కాబట్టి మిగతావి తనే కలుపుకున్నాడు. వీధి చివర ఆసుపత్రిలో నర్సుకు ఫోన్ చేసి, "పదహారు మంది పిల్లలకి చేతులు తెగాయి, కుట్లు వేసే సామాను తీసుకురండి" అన్నాడు. తర్వాత ఇళ్ళ ఫోన్ నంబర్ల పుస్తకం తీసి వరసగా మొదలుపెట్టాడు. మనిషి మంచివాడు. ఎవరూ హడలిపోకూడదని ప్రతి ఫోనూ "కంగారు పడకండి" అనే మొదలుపెట్టాడు. ఆ మాటకంటే కంగారు పెట్టే మాట భాషలో మరొకటి లేదు. మూడో ఫోన్ పూర్తికాకముందే మొదటి ఫోన్ అందుకున్న తండ్రి గేటు దగ్గరకు వచ్చేశాడు, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి బూటుతో.

నర్సు వచ్చి పిల్లల చేతులు తిప్పి తిప్పి చూసింది.

"నొప్పి ఉందా?"

"లేదు."

"మంట?"

"లేదు."

"దురద?"

"ఆకలి ఉంది" అన్నాడు బుంగమూతి.

నర్సు లేచి నిలబడింది. గాయం కనపడితే ఆమెకు భయం లేదు. కనపడకపోతేనే భయం. "కోత లేదు, వాపు లేదు. చర్మమే ఎర్రబడింది. అది కూడా అందరికీ ఒకేచోట. ఇది అంటుకునేదేమో చూడాలి" అని గొంతు తగ్గించి టీచరమ్మతో చెప్పింది. ఆఫీసు గది కిటికీలోంచి గుమాస్తా చెవులు రిక్కించి విన్నాడు. 'చూడాలి' అన్న ముక్క ఆ చెవులదాకా చేరలేదు. 'అంటుకునేది' మాత్రం చేరింది. వెంటనే వెళ్ళి గేటుకు తాళం వేసేశాడు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. బయట అప్పటికి పది మంది దాకా చేరారు.

ఆ సందడికి పెద్ద మేడం పదకొండింటికి ముందే వరండాలోకి వచ్చింది. అప్పటికింకా వంతు రాక చేతులు కడుక్కోని పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళు ఎప్పుడు భయమేసినా ఆ బడిలో అందరికంటే పెద్దదాని దగ్గరికే పరుగెత్తాలని నేర్చుకున్నవాళ్ళు. అదే చేశారు. ఒకరు కుడిచేయి, ఒకరు ఎడమచేయి పట్టుకుని వేలాడారు. విడిపించుకునేసరికి ఆమె చేతులకు రంగు అంటింది. ఆమె కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఎదురుగా ఉన్న సబ్బు తీసుకుంది. చేతులు రుద్దుకుంది. చూసుకుంది.

"నర్సమ్మా" అంది. ఆ గొంతులో ఇస్త్రీ మడత చెదిరిపోయింది. "నాకూ వచ్చింది."

నర్సు ఆమెను పిల్లల చిన్న కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి ఆనుతున్నాయి. పెద్ద మేడం ఎర్రటి అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఆఫీసు అల్మరా తాళం పూలకుండీ కింద ఉంటుంది. అర్ధసంవత్సరం పరీక్ష ప్రశ్నపత్రాలు రెండో అరలో. గుమాస్తాకి మాత్రం ఇవ్వకండి, చుట్టాలకి చెప్పేస్తాడు" అని అప్పగింతలు మొదలుపెట్టింది.

ఇక లాభం లేదని టీచరమ్మ స్తంభం చాటుకు వెళ్ళి మేస్త్రికి ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ సీసాలో ఏం పోశారు?"

"ఏ సీసాలో? నేను నిచ్చెనమీద ఉన్నానే."

"రెండో దాంట్లో!"

"నువ్వు రాసిందే. పసుపు."

"పసుపు రంగేనా?"

"రంగెందుకవుతుంది? పసుపు. మన వంటింటి డబ్బాలోది. ఉన్నదంతా పోసి, చిక్కగా ఉండాలని గంజి కలిపాను."

టీచరమ్మ ఫోన్ రెండో చెవికి మార్చింది. "పసుపు అని రాస్తే పసుపు రంగని తెలీదా మీకు?"

"ఎలా తెలుస్తుంది? పదకొండేళ్ళుగా నువ్వు ఆ రంగుని పచ్చ అనేగా అంటున్నావు! రంగే కావాలంటే పచ్చ అని రాసేదానివి. పసుపు అని రాశావంటే నిజం పసుపే కావాలన్నమాట. పైగా పిల్లల చేతులకి అన్నావు. నేనూ ఆలోచించే చేశానే."

"మరి ఆ గులాబీ వాసన?"

"వంటింటి వాసనొస్తే పిల్లలు మొహం చిట్లిస్తారని నీ సెంటు కలిపాను. కొంచెం మిగిల్చానులే." ఆయన నిచ్చెన దిగుతున్న చప్పుడు వినిపించింది. "ఒక్కసారైనా నువ్వు చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్నానని పొద్దున్నుంచి ఎంత సంతోషంగా ఉన్నానో తెలుసా? అది సరే, అక్కడ ఆ ఏడుపులేమిటి?"

"ఏం లేదు. మీరు మాత్రం ఇక్కడికి రావద్దు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అంతా కళ్ళకు కట్టింది. పసుపు మరక పడ్డ గుడ్డకు సబ్బు తగిలితే ఎర్రబడటం ఆమె ఎన్నిసార్లు చూడలేదు? సీసాలో ఉన్నది రంగే అనుకోబట్టి అటువైపు బుద్ధి పోలేదు. ఇప్పుడేం చేయాలి? నోరు విప్పకుండా నాలుగు చెంబుల మంచినీళ్ళు పోసి సబ్బు వదలగొడితే కాసేపటికి ఎరుపు తగ్గిపోతుంది. ఏదో వచ్చింది, ఏదో పోయిందనుకుంటారు. చెబితే మాత్రం, ఏం పూస్తున్నదీ చూసుకోకుండా పిల్లల చేతులకు పూసినదానిగా ఆటల గంటకు తన చేత్తోనే నీళ్ళొదిలినట్టు. ఆరు నెలల బతిమాలుడు అక్కడితో సరి.

ఆమె ఆ ఆలోచనలో ఉండగానే గేటు దగ్గర ఒక్కసారి అలజడి రేగింది. భార్య రావద్దంటే ఏ మొగుడు ఆగుతాడు? మేస్త్రి సైకిలు దిగి జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. ఆ రోజు ఆయన ఎవరింటికో ఇనప గేటుకు ఎర్రరంగు వేస్తున్నాడు. మోచేతుల దాకా ఎరుపు, చొక్కా మీద ఎరుపు, చెవి మీద కూడా ఒక చుక్క. జనం రెండుగా చీలి దారిచ్చారు.

"పెద్దవాళ్ళకీ వస్తోందర్రోయ్!" అని ఎవరో అరిచారు.

నర్సు గేటు కమ్మీల లోపలి నుంచే అడిగింది. "ఏమండీ, ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"పొద్దున్నుంచి" అన్నాడు మేస్త్రి, ఈవిడకెందుకో అనుకుంటూ.

"ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా?"

"నెలకి రెండు మూడుసార్లు వస్తూనే ఉంటుంది."

"మరి ఏం వాడతారు?"

"కిరసనాయిలు."

గుమాస్తా ఆ మాట గబగబా కాగితం మీద రాసుకున్నాడు. "కిరసనాయిలు ఎవరి దగ్గరుంది?" అని జనంలో ఇద్దరు ముగ్గురు అప్పుడే బయల్దేరబోయారు.

పిల్లల చేతులకు కిరసనాయిలు పూసేదాకా వచ్చాక టీచరమ్మకు ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు. వరండా మధ్యకు వచ్చి నిలబడింది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళకండి! ఇది జబ్బు కాదు. మేడం, తప్పు నాది. అది రంగు కాదు, వంటింటి పసుపు. పసుపు అని చీటీ రాస్తే మా ఆయన నిజం పసుపే కలిపి ఇచ్చారు. చూసుకోకుండా పూసేశాను. సబ్బు తగిలి ఎర్రబడింది, అంతే. ఆ గంట మీరు తీసేసుకోండి. పిల్లలకి మాత్రం ఏమీ కాలేదు."

పెద్ద మేడం చిన్న కుర్చీలోంచే తలెత్తింది. "పసుపు పసుపుగా ఉంటుంది గానీ ఎర్రగా ఎందుకుంటుంది? నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావా?"

గేటు కమ్మీలు పట్టుకుని నిలబడ్డ ఒక ముసలావిడ, బుంగమూతి నాయనమ్మ, ఆ మాటకు పెద్దగా నవ్వింది. "అమ్మా, పెద్ద మేడంగారూ! పసుపు మరకకి సబ్బు పెట్టి మీరెప్పుడైనా ఉతికారా?"

"మా ఇంట్లో ఉతకడానికి మనిషి ఉంది" అంది పెద్ద మేడం.

"అదీ సంగతి" అంది నాయనమ్మ. "ఆ మనిషినడగండి. నేను యాభై ఏళ్ళుగా చూస్తున్నాను ఆ ఎరుపు. నాకింతవరకూ ఏమీ కాలేదు, మా ముసలాయన మాత్రం నిక్షేపంలా ఉండి నా ప్రాణం తీస్తున్నాడు."

జనంలో నవ్వు రేగింది. కానీ పెద్ద మేడం మొహంలో నమ్మకం ఇంకా రాలేదు. నమ్మకం నాయనమ్మ వల్ల కూడా రాలేదు. ఎందుకమ్మ వల్ల వచ్చింది. పెద్దవాళ్ళంతా అరుచుకుంటుంటే ఆ పిల్ల మెట్టుమీద కూర్చుని, అమ్మ డబ్బాలో పెట్టిన నారింజపండు వలుచుకుంటోంది. ఇప్పుడు లేచి వచ్చి టీచరమ్మ చెయ్యి లాగింది.

"టీచర్, నా చెయ్యి మళ్ళీ పసుపైపోయింది. ఎందుకు?"

నిజమే. నారింజ రసం కారినచోటల్లా అరచేతిలో ఎరుపు మాయమై పసుపు తేలింది. టీచరమ్మ ఒక తొన అడిగి పుచ్చుకుని, పెద్ద మేడం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె అరచేతిలో పిండింది. రసం పారినంత మేర ఎర్రటి చేతిలో పసుపురంగు కాలవ పడింది.

పెద్ద మేడం చెయ్యి దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. దూరంగా పెట్టి చూసుకుంది.

"ఇంకో తొన" అంది.

ఎందుకమ్మ ఇచ్చింది. చెయ్యి మొత్తం పసుపైంది.

"సబ్బు ఏదీ?"

ఆయా పరుగెత్తి ఇచ్చింది. చెయ్యి మళ్ళీ ఎర్రబడింది. పెద్ద మేడం కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా ఆమెతోపాటే లేచింది. ఆమె పట్టించుకోలేదు. "తొన!" అంది. పసుపు. "సబ్బు!" అంది. ఎరుపు. నాలుగోసారికి ఆమె మొహంలో, ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ చూడనిదొకటి కనిపించింది. ముందుపళ్ళు.

గుమాస్తా గేటు తాళం తీశాడు. అమ్మానాన్నలంతా వరండాలోకి వచ్చిపడ్డారు. పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళు, పిల్లల చేతులు పట్టుకుని, "ఏదీ, ఇంకోసారి చెయ్యి" అని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు ఏడుపు ఎక్కడ ఆపారో ఎవరూ గమనించలేదు. వంకాయ చేతులవాడు ఇప్పుడు అందరికంటే గొప్పవాడైపోయాడు. వాడి రంగు ఇంకెవరికీ లేదు. "ఎరుపులో నా నీలం ఇంకా ఉంది, అందుకే వంకాయ వచ్చింది" అని వాడు ఒక చెప్పు ఒక బూటు వేసుకొచ్చిన తండ్రికి ఓపిగ్గా బోధపరుస్తున్నాడు. మేస్త్రి ఒక పక్కన నిలబడి తన మోచేతికి కూడా నారింజ రుద్దుకుని చూశాడు. పోలేదు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని తొన నోట్లో వేసుకున్నాడు.

ఆ గోల మధ్యలో గడియారం పదకొండు కొట్టింది. పెద్ద మేడం పలకమీద కొట్టినట్టు రెండు చప్పట్లు కొట్టింది. అందరూ ఊరుకున్నారు.

"నీలం, పసుపు కలిస్తే ఏమవుతుంది?" అని అడిగింది పెద్ద మేడం.

"ఆకుపచ్చ!" అన్నారు పదహారు మందీ.

"పసుపుకి సబ్బు తగిలితే?"

"ఎరుపు!"

"ఆ ఎరుపుకి నీలం కలిస్తే?"

"వంకాయ!"

"ఎరుపుకి నారింజ తగిలితే?"

ఈసారి పిల్లల కంటే ముందు గుమాస్తా "పసుపు!" అని అరిచి, నాలుక్కరుచుకున్నాడు.

"ఒక్క ముక్క నేర్చుకుంటే చాలన్నాను. ఇవి నాలుగు" అంది పెద్ద మేడం, టీచరమ్మ వైపు చూడకుండా. "చేతిమీద మరక మిగలకూడదన్నాను. ఇక్కడ నా చేతులే ఇలా ఉన్నాయి కాబట్టి ఆ మాట ఇప్పుడు ఎత్తను." తర్వాత అమ్మానాన్నల వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "ఆటలో చదువు చెప్పడం మా బడి పద్ధతి. మొదటి నుంచీ నేను చెబుతున్నది ఇదే."

టీచరమ్మ నోరెళ్ళబెట్టింది. ఆయా ఆమె మోచేతిని మెల్లగా గిల్లింది, నోరు మూసుకోమని.

సోమవారం చూచిరాత పుస్తకాలు అల్మరాలోకి వెళ్ళిపోయాయి. అప్పటిదాకా ఉన్న చూచిరాత గంట కూడా ఆటల గంటలోనే కలిసిపోయింది. మరుసటి వారం టీచరమ్మ పళ్ళాలూ సీసాలూ సర్దుకుని తలెత్తేసరికి తరగతిలో ముందు వరసలో పెద్ద మేడం, చేతులు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె వెనక గుమాస్తా, మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చిన నలుగురు నాన్నలు, డ్యూటీ మధ్యలో దూరిన నర్సు, తన సబ్బు తనే తెచ్చుకున్న నాయనమ్మ. పిల్లలు గోడవారన బుద్ధిగా నిలబడి చూస్తున్నారు.

"వరసలో రండి, తోసుకోకండి" అన్నాడు బుంగమూతి.

ఆ తర్వాత ఆటల గంటలో పిల్లలకు వంతు దొరకడమే కష్టమైపోయింది.